మేనత్త గుండె

భూపాల్ ఇంట్లో మగవాళ్లెవరూ యాభై దాటలేదు. తండ్రి బుగ్గయ్య, చిన్నాన్న ఇద్దరూ గుండె కండరం బలహీనపడి చనిపోయారు. పరీక్ష చేస్తే అదే జన్యులోపం భూపాల్‌లోనూ కనిపించింది. ఆ రోజు నుంచి అతను తాను ప్రేమించిన నిర్మలతో పెళ్లి మాట ఎత్తలేదు. నిర్మల ఇబ్రహీంపట్నం బస్సు డిపోలో కండక్టర్. "నీ ఆయుష్షెంతని నేనడిగిన్నా?" అని రెండుసార్లు కోప్పడి, ఆమె కూడా ఊరుకుంది.

వింతేమిటంటే, అదే లోపం భూపాల్ మేనత్త రుక్మాబాయిలోనూ ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్‌కు నడిచిపోయి జామపండ్లు అమ్ముతుంది. ఈ సంగతి తెలిసి, హైదరాబాద్ ల్యాబ్ నుంచి సింధూర అనే శాస్త్రవేత్త వచ్చి ఇద్దరి రక్తమూ తీసుకుంది.

"మీ రక్తకణాలను మూలకణాలుగా మారుస్తామండీ. వాటి నుంచి గుండె కణాలు పెంచుతాం. మీ గుండెను ఏం కాపాడుతోందో వెతుకుతాం," అంది.

"వెతుకు బిడ్డా. దొరికితే మావోనికి గూడ జర పెట్టు," అంది రుక్మాబాయి.

కొన్ని నెలలకు సింధూర వాళ్లను ల్యాబ్‌కు పిలిచింది. రుక్మాబాయి మైక్రోస్కోపులో చూసింది. గాజు పళ్లెంలో సన్నటి పొర ఒకటి ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

"అవ్వో! నేనీడ నిలబడ్డ, నా గుండె ఆడ కొట్టుకుంటున్నదేందే!" అని పగలబడి నవ్వింది.

తర్వాతి పళ్లెం భూపాల్‌ది. అతను భయపడుతూనే వంగాడు. ఆ కణాలూ కొట్టుకుంటున్నాయి.

"శ్రమ పెడితే మీ కణాలు త్వరగా అలసిపోతున్నాయండీ. మీ మేనత్తగారివి తట్టుకుంటున్నాయి. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియలేదు," అంది సింధూర. "కానీ మీరు వాడుతున్న మాత్రల మందే వేస్తే మీవీ తేరుకున్నాయి. పళ్లెంలో జరిగిందల్లా ఒంట్లో జరగదనుకోండి. అయితే మొన్నటి స్కానింగ్‌లో మీ గుండె కూడా మెరుగ్గానే ఉందన్నారుగా మీ డాక్టరు?"

"మరి పెండ్లో?" అడిగింది రుక్మాబాయి.

సింధూర నవ్వింది. "నిక్షేపంగా చేసుకోవచ్చు! మాత్రలు మానకూడదు, పరీక్షలు తప్పకూడదు. పిల్లలకు కూడా ముందుగానే పరీక్ష చేయించవచ్చు."

భూపాల్ వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"నిర్మలా, నా గుండె చూసిన! మంచిగ కొట్టుకుంటున్నది!"

"గిప్పుడు ఎరుకైందా నీకు?" అవతల బస్సు హారన్ మోగింది. "డ్యూటీల ఉన్న. మా బాపుతోని మాట్లాడనీకి ఎప్పుడొస్తవో గది చెప్పు."

వెనకే వచ్చిన రుక్మాబాయి ఫోన్ లాక్కుంది.

"ఇయ్యాలనే వస్తున్నం బిడ్డా. మీ బాపును చాయ్ పెట్టుమను!"