హెడ్మాస్టరు కుర్చీ, పద్నాలుగు చింతపిక్కలు

1979లో, ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సిద్ధగోరా పేటలోని మా తెలుగు బడిలో హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ అయింది. దాని మీద ఇద్దరి కన్ను పడింది. శ్రీకాకుళం వైపు నుంచి రసాయనశాస్త్రం చెప్పే సీతారామరావు మాస్టారు, బరంపురం వైపు నుంచి లెక్కలు చెప్పే కూర్మారావు మాస్టారు. బడిని నడిపే సంఘంలో సగం మంది అటు, సగం మంది ఇటు. మా చదువు మాత్రం ఎటూ కాదు.

తేల్చాల్సింది సంఘం అధ్యక్షుడు పోలరాజు గారు, రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. ఎవరు పాఠం బాగా చెబితే వాళ్ళదే కుర్చీ అన్నారు. మొదటి రోజు లెక్కల క్లాసులో కునుకు తీసి, మర్నాడు మా తొమ్మిదో తరగతికి వచ్చారు.

ఏడాదంతా మమ్మల్ని బెత్తంతో పలకరించిన సీతారామరావు మాస్టారు ఆ రోజు "అమ్మా గౌరీదేవీ!" అని నన్ను పిలిచారు. నాకు ఒళ్ళు మండింది. నాకూ నా పక్కన కూర్చునే బంగారమ్మకూ తలో ఏడు చింతపిక్కలు ఇచ్చారు.

"మీరిద్దరూ క్లోరిన్ పరమాణువులు. చివరి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లు. ఎనిమిది ఉంటే గానీ కుదురుండదు. ఏం చేస్తారు?"

"బంగారమ్మది ఒకటి లాగీసుకుంతానండి," అన్నాను.

"తప్పు! తలా ఒకటి మధ్యలో పెట్టండి. ఆ జత ఇద్దరిదీ. ఎవరు లెక్కపెట్టుకున్నా ఎనిమిదే! ఇదే సమయోజనీయ బంధం. పంచుకుంటేనే స్థిరత్వం!"

పోలరాజు గారు బెంచీ చరిచి లేచారు. "శభాష్! ఇన్నాళ్ళూ నాకీ బుద్ధి పుట్నేదు మాస్టారూ. మీకు బరంపురం ఓట్లు తక్కువ, ఆయనకి సికాకోళం ఓట్లు తక్కువ. రెండూ మద్దెన ఎట్టీసి ఇద్దరూ హెడ్మాస్టర్లయిపోండి. ఏటంతారు?"

మాస్టారి ముఖం మాడిపోయింది. పంచుకోవడం గొప్పదని చెప్పి నిమిషమైనా కాలేదు మరి.

"అన్ని బంధాలూ ఇలా ఉండవండీ," అన్నారు గబగబా. "ఉప్పే చూడండి. సోడియం తన ఎలక్ట్రాన్‌ని పూర్తిగా క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. వాటాల గొడవే లేదు."

"ఇచ్చీసినోడు కుదురుగుంటాడేటి?"

"ఉంటాడండీ! ఆ ఒక్కటీ వదిలేసి హాయిగా ఉంటాడు."

"ఠీక్ హై," అన్నారు పోలరాజు గారు. "అయితే మీరే ఇచ్చీండి."

సోమవారం నుంచి కుర్చీ కూర్మారావు మాస్టారిది. మా క్లాసులో ఒక్కరూ అయ్యో అనలేదు. నేనైతే ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి కడుపుబ్బ నవ్వాను.