యర్రమ్మ పట్టిన మంగలికత్తి

నూకయ్య గడ్డం పెంచింది మొక్కు కోసం కాదు, మొండితనం కోసం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి, మూతి ఒక పక్కకు జారిపోయాక ఆయన మాయాబందర్ జెట్టీ వైపు వెళ్ళడమే మానేశాడు. ఒకసారి గడ్డం గీయడానికి వచ్చిన మంగలి జోగులు, ఆయన నోటి పక్కనుంచి చొంగ కారడం చూసి, టీకొట్టు దగ్గర అందరికీ చెప్పి నవ్వాడట. ఆ మాట చెవిన పడ్డాక జోగులును గుమ్మం తొక్కనివ్వలేదు.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. కొడుకు పెద్దబ్బాయి కొత్త డింగీ ఆదివారం నీళ్ళలో దిగాలి. ఒంట్లో బాగున్నప్పుడు దానికి అడుగుచెక్క వేసింది నూకయ్యే. విశాఖ తీరం నుంచి ఈ దీవికి వలసొచ్చి పదిహేనేళ్ళు దాటినా వాళ్ళవాళ్ళు ఒక ఆచారం మాత్రం వదల్లేదు. పడవ తొలిసారి దిగేరోజు ఇంటిపెద్ద నున్నగా గడ్డం గీయించుకుని, స్నానం చేసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలి. మాసిన గడ్డంతో పడవ ముందు నిలబడితే ఇంట్లో చావు జరిగినట్టే లెక్క.

"పెద్దోడినే కొట్టమను. నాను రాను. ఛోడ్ దే, ఒదిలీ," అన్నాడు నూకయ్య గోడవైపు తిరిగి. మాట కూడా ముద్దగానే వస్తోంది.

"నువ్వు కొట్టకపోతే ఆ డింగీ ఒడ్డునే ఉంటాది మావా. గడ్డం నాను గీస్తాను," అంది భార్య యర్రమ్మ.

"నువ్వా? సేప పొలుసు తీసీడం అనుకున్నావేటి?"

నిజానికి ఆవిడ అలాగే అనుకుంది. కోనెం చేపను ముక్కలు కొయ్యడంలో జెట్టీ మొత్తానికి యర్రమ్మను మించినవాళ్ళు లేరు, ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు. మొగుడి మంగలికత్తి తీసి, చేపలకత్తికి చేసినట్టే పెరట్లో గరుకురాయి మీద ఇసుక చల్లి, సముద్రపు నీళ్ళు పోసి బరబరా రుద్దింది. పాదు నుంచి లేత బూడిదగుమ్మడికాయ కోసుకొచ్చి, నూగు మీద సబ్బునురగ పూసి గీసి చూసింది. కాయ చెక్కు లేచిపోయింది. ఆవిడ ఊరుకుందా, తన ముంజేతి మీదే గీసుకుని చూసింది. వెంట్రుక తెగలేదు గానీ తోలు తెగింది. గుడ్డపీలిక కట్టుకుని మళ్ళీ రాయి ముందు కూర్చుంది.

మర్నాటికి కత్తికి తుప్పు మచ్చలు పట్టాయి. యర్రమ్మ వాటిని ఇసుకతో తోమబోతుంటే గుమ్మంలో అలికిడైంది. చూస్తే నూకయ్య. ద్వారబంధం పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా అక్కడిదాకా వచ్చి నిలబడ్డాడు.

"ఉప్పునీళ్ళు పోసీసినావే దానికి," అన్నాడు. "సేపలకత్తికి పళ్ళుండాల. దీనికి ఉండకూడదు. మా అయ్య కత్తే అది."

"అయితే నువ్వు సెప్పు. నువ్వు గోడకేసి సూస్తంటే నాకెలా తెలుస్తాది?"

అరుగు మీద చతికిలబడి, తన పెట్టెలోని నున్నటి సానరాయి తెమ్మన్నాడు. వాననీళ్ళు పొయ్యమన్నాడు. కత్తి వీపు, అంచు రెండూ రాయికి ఆనాలన్నాడు. నొక్కకూడదు, కత్తి బరువే చాలు. సాన అయ్యాక తోలు బెల్టు మీద లాగాలి, అప్పుడు అంచు వెనక ఉండాలి, ముందుంటే తోలు తెగుతుంది. యర్రమ్మ రెండుసార్లు బెల్టు కోసేసింది. నూకయ్య రెండుసార్లూ తిట్టాడు. ఆ తిట్లకు ఆవిడకు లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నాళ్ళూ ఆయన తిట్టడానికి కూడా నోరు విప్పలేదు మరి.

శనివారం సాయంత్రానికి గుమ్మడికాయ చెక్కు లేవకుండా నూగు మాత్రమే ఊడింది. ముంజేతి మీద వెంట్రుకలు కూడా మెత్తగా రాలాయి.

ఆదివారం తెల్లారగానే వేడినీళ్ళలో ముంచిన గుడ్డ ఆయన మొహం మీద కప్పి, గడ్డం నానాక సబ్బు పూసింది. బాగున్న చెంప మీద కత్తి ఆనించింది గానీ చర్మం ముడతలు పడుతోంది. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో ఆయన తల పట్టుకుంది, చెంప బిగించి పట్టుకోవడానికి ఆవిడకు మూడో చెయ్యి లేదు. నూకయ్య ఎడమచెయ్యి మెల్లగా పైకొచ్చి, తన చెంపను తనే చెవి దాకా లాగి పట్టుకుంది.

"పడుకోబెట్టి గియ్యి. కత్తిని నిలబెట్టకు," అన్నాడు.

ఆ చెంప తొందరగానే అయిపోయింది. జారిన పక్కకు వచ్చేసరికి యర్రమ్మ చేతివేగం తగ్గింది. బయట పెద్దబ్బాయి రెండుసార్లు పిలిచినా పలకలేదు. పెదవి మూలన చొంగ తుడుస్తూ, ఒక్కో గీతకూ కత్తి కడుగుతూ, ఊపిరి బిగబట్టి గీసింది. అంతా అయ్యాక ఆయన ఎడమచెయ్యి పట్టుకుని ఆ చెంప మీద పెట్టింది. నూకయ్య చాలాసేపు తడుముకున్నాడు.

"ఈ పక్క గీసినట్టే తెలీలేదే నాకు."

"నీకు తెలీదని నాకు తెలుసు మావా. తెగినా నీకు నొప్పి తెలీదు. అందుకే నీ బదులు నానే సూసుకున్నాను."

నూకయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి లేచాడు.

"పద," అన్నాడు. "సముద్రం పోటు మీదుండగానే డింగీని దింపీయాల."