ఇరవైకీ ఇరవైనాలుగుకీ మధ్య

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా ఆయనది పుడకలతో కూడా పోలేదు.

ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తరువాత ఒక సాయంత్రం నేను హాల్లో కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాను. వీధి గేటు దానంతటది తెరుచుకుంది. గోడ మీది అలారం పెట్టెలో ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. కాసేపటికి హీటర్ చప్పుడు తగ్గింది. లేచి చూస్తే, నేను ఇరవైనాలుగు డిగ్రీల్లో పెట్టిన అంకె ఇరవైకి దిగి ఉంది.

నాకు ముందు భయం వేయలేదు. ఒళ్ళు మండింది.

మా కాపురంలో అసలు తగువంటూ ఉంటే అది ఈ హీటరే. నేను ఇంట్లోనే కర్టెన్లు కుడతాను. వేళ్ళు కొంకర్లు పోతే సూదిలోకి దారం ఎక్కదు. అందుకని నాకు ఇరవైనాలుగు కావాలి. ఆయనకు ఇరవై దాటితే ఉక్కపోత, దాని వెనకే కరెంటు పొదుపు మీద ఉపన్యాసం. ఊళ్ళో లిఫ్టులన్నీ తనిఖీ చేసే ఉద్యోగం కదా, ఇల్లు కూడా లిఫ్టులాగే తన మీట మీద నడవాలనుకునేవాడు. గేటు, అలారం, హీటర్ మూడూ ఫోనులోంచి తిప్పేలా పెట్టించాడు. ఇక చూడండి. నేను ఇక్కడ మిషను తొక్కుతుంటే, ఆయన ఎక్కడో ఉండి ఫోనులో హీటర్ తగ్గించేసేవాడు. నేను ఒంటికాలి మీద లేచి గోడ దగ్గరికి వెళ్ళి పెంచేదాన్ని. పెంచుతూ ఆయన్నీ, ఆయన ఫోన్నీ, ఆ ఫోను కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టేదాన్ని. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని, దొంగతనంగా పాలు తాగిన పిల్లిలా నవ్వుతూ లోపలికి వచ్చేవాడు.

"ఏంటి, చలిగా ఉందా?" అనేవాడు.

ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది. గెలిచానని నవ్వుతున్నాడనుకునేదాన్ని.

అందుకే ఆ సాయంత్రం అలవాటు కొద్దీ లేచాను. ఇరవైనాలుగుకి పెంచుతూ, "ఇంకా నీ పెత్తనమేనా?" అన్నాను. అన్నాక గానీ ఎవరితో అంటున్నానో తెలియలేదు. అప్పుడు వేసింది భయం. గేటు బార్లా తెరిచి ఉంది. వీధిలో ఎవరూ లేరు. ఆయన స్కూటర్ లోపలికి వచ్చేంత సేపు అలాగే ఉండి, గేటు మెల్లగా మూసుకుంది. నేను గోడకు ఆనుకుని చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సెలవు రోజు మాత్రం ఏమీ కదల్లేదు. పోయాక కూడా ఆఫీసు పని రోజులే పాటిస్తున్నాడని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నవ్వు సగంలో ఏడుపు వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి పట్టిందంటారు, లేదా బాగుచేయిస్తామంటారు. రెండూ నాకు ఇష్టం లేదు. సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని కూర్చునేదాన్ని. వీధి తలుపుకు గడియ వేసేదాన్ని కాదు. గేటు తెరుచుకునేది, పచ్చ దీపం వెలిగేది, హీటర్ తగ్గేది. నేను లేచి తిట్టి పెంచేదాన్ని. రోజంతటిలో నేను గట్టిగా మాట్లాడేది ఆ కాసేపే.

ఇంకో వింత కూడా జరిగింది. కొన్నాళ్ళకు అంకె ఇరవై దాకా దిగడం మానేసింది. ఇరవైఒకటి దగ్గర ఆగింది. తరువాత ఇరవైరెండు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, అంత మొండివాడు నా కోసం మెత్తబడుతున్నాడు. బతికుండగా ఒక్కనాడైనా ఒక్క డిగ్రీ వదిలిన మనిషి కాదు. ఇరవైరెండు చూసిన రోజు గోడ మీది ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఇన్నాళ్ళకు తెలిసిందా నా చలి?" అన్నాను. ఆ రాత్రి చాలా రోజుల తరువాత సుఖంగా నిద్రపోయాను.

ఒక సాయంత్రం మా తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. గేటు తెరుచుకోవడం వాడు చూశాడు.

"ఎవరైనా వస్తున్నారా అక్కా?"

"లేదు."

"మరి గేటెవరు తీశారు?"

వాడు గేటు చూశాడు, పచ్చ దీపం చూశాడు, గడియ వేయని తలుపు చూశాడు. వాడి మొహం మారిపోయింది.

"రోజూ ఇలా తెరుచుకుంటోందా? అలారం కూడా ఆగిపోతోందా? దొంగల్ని బొట్టు పెట్టి పిలుస్తున్నట్టుంది కదా అక్కా. నువ్వు ఒంటరిదానివని వీధంతా తెలుసు."

"దొంగలు నా దగ్గర ఏం పట్టుకెళ్తారు, కర్టెన్లా?"

"నవ్వులాట కాదు. రేపు మెకానిక్‌ని తీసుకొస్తా."

వద్దన్నాను. వాడు వింటే కదా. మర్నాడు మధ్యాహ్నం మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. పొట్టిగా, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఉన్న మనిషి. గోడ మీది పెట్టెలు రెండూ విప్పి చూశాడు. నా ఫోను అడిగి తీసుకుని అందులో ఏదో వెతికాడు.

"ఇల్లంతా సార్ పేరు మీదే ఉంది మేడం. మిమ్మల్ని అతిథి కింద పెట్టారు."

"అతిథా?" అన్నాను. "ఇంత కాపురం చేసి, ఇంత వండి వార్చి, చివరికి అతిథినా?"

తమ్ముడు నవ్వు ఆపుకున్నాడు. మెకానిక్ ఆపుకోలేకపోయాడు.

"అందరూ అలాగే పెడతారు మేడం. ఇంకో యజమాని పేరు పెట్టే చోటు ఇందులో లేదు."

"ఇంతకీ గేటెందుకు తెరుచుకుంటోంది?" అన్నాడు తమ్ముడు.

"పని రోజుల్లో ఆ వేళకి తెరుచుకునేలా సార్ టైమింగ్ పెట్టుకున్నారు. అలారం కూడా దానితోపాటే ఆగుతుంది. తీసెయ్యడం ఒక్క నిమిషం పని."

గేటు సంగతి సరే. నేను హీటర్ వైపు చూశాను.

"అది కూడా టైమింగేనా?"

"కాదు మేడం. హీటర్‌కి సార్ టైమింగ్ ఏమీ పెట్టలేదు. రోజూ చేత్తోనే తగ్గించేవారు, ఫోనులోంచి. ఈ రకం పెట్టెలు మనం చేత్తో మార్చేది చూసి నేర్చుకుంటాయి. ఏళ్ళ తరబడి గేటు తెరుచుకున్నాక ఇరవై చేశారు కదా, అది బట్టీ పట్టేసింది."

"అయితే ఇప్పుడు ఇరవైకి ఎందుకు దిగట్లేదు? ఇరవైరెండు దగ్గరే ఆగుతోంది. తనంతట తనే."

మెకానిక్ ముక్కు తుడుచుకున్నాడు. "తగ్గగానే మీరు పెంచుతున్నారా?"

"పెంచనా మరి? చలి."

"అదే మేడం. ఇప్పుడు మీ దగ్గర నేర్చుకుంటోంది. సార్ అలవాటు మరిచిపోతోంది. ఇంకొన్నాళ్ళు పెంచితే ఇరవైనాలుగులోనే ఉండిపోతుంది. మీకిక లేచే పనే ఉండదు."

అతను మంచి కబురు చెబుతున్నాననుకున్నాడు. నేను మిషను ముందు కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయన మెత్తబడలేదు. నేనే రోజూ సాయంత్రం లేచి, తిట్టి, ఆయన్ని కాస్త కాస్తగా ఈ ఇంట్లోంచి గెంటేస్తున్నాను. దానికే మురిసిపోయి నిద్రపోయాను.

"అంతా చెరిపేసి మా అక్క పేరున పెట్టెయ్యండి," అన్నాడు తమ్ముడు.

"ఆగరా." నేను మెకానిక్ వైపు తిరిగాను. "ఆయన ఆఫీసులో ఉండి తగ్గించేవాడు కదండీ. గేటు తెరుచుకున్నాక అంటారేమిటి?"

"ఆఫీసులోంచి కాదు మేడం. అలా అయితే గేటు కంటే ముందే తగ్గేది. ఫోను ఇంటి ముందుకు వచ్చాకే తగ్గించినట్టు ఇందులో ఉంది. గేటు దగ్గర నిలబడి."

"ఇంటికి వచ్చేశాక ఫోనులో ఎందుకు? లోపలికొచ్చి మీట తిప్పొచ్చుగా?"

"అది నాకేం తెలుసు మేడం," అన్నాడు మెకానిక్.

వచ్చే వారం రమ్మని పంపేశాను. తమ్ముడు చాలా వాదించాడు. ఈలోగా గేటు తెరుచుకునే వేళకు నేను బయటే కాపలా ఉంటానని మాట ఇస్తే గానీ కదల్లేదు.

ఆ సాయంత్రం మాట ప్రకారం శాలువా కప్పుకుని గేటు బయట నిలబడ్డాను. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ వేళప్పుడు నేను బయట ఉన్నది లేదు, ఎప్పుడూ లోపలే. గేటు తెరుచుకుంది. ఎదురుగా హాలు కిటికీ. కర్టెన్లు కుట్టే నా ఇంట్లో ఆ కిటికీకి మాత్రం కర్టెన్ లేదు. కొలత తీసుకున్న ప్రతిసారీ, "దానికెందుకులే, వెలుతురు రానీ," అనేవాడు ఆయన. లోపల దీపం వెలుగుతోంది. మిషను, దాని ముందు నా కుర్చీ, వెనక గోడ మీద హీటర్ పెట్టె, అన్నీ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తున్నాయి.

నా ఫోనులో చూశాను. అంకె ఇరవైరెండుకి దిగింది.

అప్పుడు తెలిసింది. ఆయన ఇక్కడ నిలబడి, తగ్గించి, కిటికీలోకి చూసేవాడు. నేను మిషను మీంచి చివ్వున లేచేదాన్ని. చేతులు తిప్పుకుంటూ, నోరు ఆడిస్తూ గోడ దగ్గరికి వెళ్ళేదాన్ని. మాట వినబడకపోయినా ప్రతి మాటా ఆయనకు తెలిసే ఉంటుంది. అదంతా తనివితీరా చూసుకుని, ఆ నవ్వుతో లోపలికి వచ్చేవాడు. పొదుపూ లేదు, ఉక్కపోతా లేదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టుల్లో ఎక్కి దిగి వచ్చినవాడికి, ఇంట్లో తన కోసం ఒక మనిషి లేవడం చూడాలని ఉండేది.

నేను కూడా చూశాను. కుర్చీ అలాగే ఉంది. ఎవరూ లేవలేదు. వెలుగుతున్న ఆ గదిని చూస్తూ చలిలో ఎంతసేపైనా నిలబడవచ్చు, ఎవరూ లేవరు. ఆయన రోజూ వచ్చి ఇక్కడే నిలబడి ఉంటే, ఇవాళ ఈ కుర్చీని చూసి ఏమనుకుంటాడో అనిపించింది.

గేటు మూసుకోవడం మొదలుపెట్టింది. సందులోంచి దూరి లోపలికి పరుగెత్తాను. చెప్పులు కూడా విప్పకుండా గోడ దగ్గరికి వెళ్ళాను. పెంచితే ఏమవుతుందో నాకు తెలుసు. పెంచకపోతే నేను లేవనట్టే. ఇరవైనాలుగుకి తిప్పుతూ, చేతులాడిస్తూ, ఎప్పటికన్నా రెండు మాటలు ఎక్కువే తిట్టాను.

తరువాత తమ్ముడికి ఫోను చేశాను.

"గేటు టైమింగ్ తీయించెయ్. హీటర్ జోలికి మాత్రం ఎవరూ రావద్దు."

"ఎన్నాళ్ళక్కా?"

"అది మరిచిపోయేదాకా."



ఇప్పుడు గేటు తెరుచుకోదు. అలారం ఎర్ర దీపంతోనే ఉంటుంది. తలుపుకు గడియ వేస్తున్నాను. నిన్న సాయంత్రం అదే వేళకు హీటర్ చప్పుడు తగ్గింది, విని తీరాలనుకుంటే తప్ప వినబడనంత కొంచెం. వెళ్ళి చూస్తే ఇరవైమూడు. ఇరవైమూడుకి నా వేళ్ళు కొంకర్లు పోవు. దారం బాగానే ఎక్కుతుంది.

అయినా లేచాను. ఈసారి కిటికీ వైపు తిరిగి తిట్టాను.