రెండు దెబ్బలు

లాయరు గారి ఆఫీసు తొమ్మిదిన్నరకు గానీ తెరవరు. అయినా డ్రైవరు ఆరింటికే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మంచం నుంచి కిటికీ దాకా ఆరు అడుగులు. కిటికీ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వీధిలోకి తొంగి చూస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా ఈ వేళకు ఆ మలుపులో స్కూలు బస్సు తిప్పుతుండేవాడు. ఇప్పుడు అదే బస్సు ఇంకెవరి చేతిలోనో ఉంది. దాని చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించడం, వినబడగానే కిటికీ రెక్క మూసెయ్యడం, వారం రోజులుగా ఇదే వరస.

"ఏవండీ, కాసేపు కూర్చోండి. మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది భార్య.

"కూర్చుంటే ఇంకా పిచ్చెక్కుతోందే."

ఇతను తాగుబోతు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే తాగి బండి నడిపేది తాగుబోతులేనని, మనం వాళ్ళలో లేమని మనందరికీ ఒక ధీమా. ఇతనికీ అదే ధీమా. రోడ్డు మీద కుక్క కనిపించినా పది గజాల ముందే ఆపుతాడని పిల్లలు ఇతన్ని 'బ్రేకు మామయ్య' అని పిలుస్తారు. ఆ పేరంటే ఇతనికి లోలోపల గర్వం కూడా.

జరిగింది ఇదీ. షెడ్డులో పాత మెకానిక్కు ఉద్యోగ విరమణ విందు. అర్ధరాత్రి దాటేదాకా గ్లాసులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఇల్లు చేరి నాలుగు గంటలు పడుకున్నాడు. లేచి చన్నీళ్ళు పోసుకున్నాడు, రెండు కప్పుల కాఫీ తాగాడు. నిద్రపోయి లేచాక మందు ఇంకా ఒంట్లో ఎక్కడుంటుందనుకున్నాడు. ఏడూ నలభైకి పెద్ద రోడ్డు మీద పోలీసులు బస్సు ఆపి, యంత్రం నోటికి అందించి ఊదమన్నారు. రెండుసార్లు ఊదాడు. రెండుసార్లూ అంకె హద్దు దాటింది. బస్సులో ఇరవై ఇద్దరు పిల్లలు. వాళ్ళను ఇంకో బస్సులో బడికి పంపే తొందరలో, పోలీసులు చూపిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టేశాడు.

ఎనిమిది గంటలకు బావమరిది వచ్చాడు. కోర్టు ఎదురుగా అతనికి జిరాక్సు దుకాణం ఉంది. పదేళ్లుగా కేసుల కాగితాలు కాపీలు తీసి తీసి తనూ సగం లాయరునయ్యానని అతని నమ్మకం. వెంట బస్సు ఆయమ్మ కూడా ఉంది. పిల్లల్ని ఎక్కించి దించే మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"బావా, నువ్వేం దిగులు పడకు. మార్గం దొరికింది," అన్నాడు బావమరిది. "నీకా రోజు పొద్దున దగ్గు. ఆయమ్మ తన దగ్గరున్న దగ్గుమందు సీసా ఇచ్చింది. నువ్వు గడగడా తాగేశావు. ఆ వాసనే యంత్రానికి తగిలింది. కోర్టులో ఆయమ్మ ఈ ఒక్క ముక్క చెబితే చాలు. ఏమంటావు ఆయమ్మా?"

ఆయమ్మ తల దించుకుంది. డ్రైవరు ఆమె ముఖంలోకి చూడలేక మళ్ళీ కిటికీ దగ్గరికి నడిచాడు.

తొమ్మిదిన్నరకు ముగ్గురూ ఆఫీసుకు చేరారు. లాయరు నెరిసిన జుట్టు, మందపాటి కళ్ళద్దాలు ఉన్న పెద్దావిడ. పోలీసుల కాగితాలన్నీ తెప్పించి పెట్టుకుంది. ఎదుటి కుర్చీలో డ్రైవరు మోకాళ్ళు ఆగకుండా ఊగుతున్నాయి. కాసేపటికి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఈ కాగితాన్ని చదివే సంతకం పెట్టారా?" అని ఆవిడ అడిగింది.

చదవలేదని అతను తల అడ్డంగా ఊపాడు.

"మీ మీద ఉన్నది ఒక నేరం కాదు, రెండు. తాగి నడపడం ఒకటి. పోలీసులు ఆపాక పిల్లలతో సహా బండి తోలుకుని పారిపోబోయారన్నది రెండోది. మొదటిదానికి జరిమానా వేస్తారు, కొన్నాళ్ళు లైసెన్సు ఆపుతారు. రెండోది నిలబడితే జైలు. ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోనివ్వరు."

డ్రైవరు బల్ల మీదికి వంగాడు. "పారిపోవడమా! లేదు మేడమ్, పిల్లల మీద ఒట్టు. ఇంజను ఆన్‌లో ఉంటే ఆపడానికి మళ్ళీ ఎక్కాను. అంతే."

"నేను చూశానండీ," అంది ఆయమ్మ. వచ్చిన దగ్గర్నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు. "ఎక్కి ఇంజను ఆపాడు. తాళం తీసి తనే వాళ్ళ చేతిలో పెట్టాడు."

లాయరు కలం పక్కన పెట్టింది. "ఇది ఇంకెవరైనా చూశారా?"

"పిల్లలు తప్ప ఇంకెవరూ లేరండీ."

బావమరిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మేడమ్, ఆయమ్మ ఇంకోటి కూడా చెబుతుంది. ఆ రోజు బావకు దగ్గుమందు..."

"ఆగండి. అది నిజమా?"

బావమరిది డ్రైవరు వైపు చూశాడు, డ్రైవరు నేల వైపు చూశాడు.

"చూడండి బాబూ," అంది లాయరు. "మీ బావగారిని జైలు తప్పించగల నోరు ఒక్కటే ఉంది, అది ఈమెది. ఆ నోటితో మీరు అబద్ధం చెప్పించబోతున్నారు. సీసా ఎక్కడ కొన్నావు, ఏ రంగు, ఎన్ని మూతలు తాగాడు అని అటువైపు లాయరు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఈమె తడబడుతుంది. ఆ తర్వాత తాళం సంగతి నిజమే చెప్పినా ఎవరు నమ్ముతారు? పైగా దొంగసాక్ష్యం కేసు ఈమె మీద పడుతుంది."

బావమరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నేరం ఒప్పుకోమని నేను మిమ్మల్ని బలవంతపెట్టను," అని ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది. "రుజువు చెయ్యాల్సింది వాళ్ళు. మీరు నోరు మెదపకపోయినా తప్పు కాదు. ఆ యంత్రాన్ని సరిచూసిన కాగితాలు కూడా తెప్పించి చూశాను. అందులో లోపమేమీ లేదు. ఆ పైన మీ ఇష్టం."

"మేడమ్, అంకె సంగతి నాకు తెలీదు గానీ నాకు ఒళ్ళు తెలిసే ఉంది. తొమ్మిదేళ్లలో బస్సు మీద ఒక్క గీత పడలేదు. ఆ రోజు కూడా ఎప్పట్లాగే నడిపాను."

"అన్నా," అంది ఆయమ్మ. "ఆ రోజు మందుల షాపు స్టాపులో ఆపావా?"

"ఆపాను కదా."

"ఆపలేదు."

ఆ బస్సులో ఒక పద్ధతి ఉంది. వెనక తలుపు దగ్గర నిలబడే ఆయమ్మ రేకు మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే ఆపమని. రెండు కొడితే పోనిమ్మని. తొమ్మిదేళ్లుగా వాళ్ళిద్దరి మధ్య మాటలకంటే ఈ దెబ్బలే ఎక్కువ.

"కళ్ళద్దాల పిల్ల అక్కడ నిలబడి ఉంది. నువ్వు దాటి పోతున్నావు. ఒక దెబ్బ కొట్టాను. నువ్వు ఆపలేదు. వినబడలేదేమోనని ఇంకోటి కొట్టాను. రెండూ కలిపి విన్నావేమో, ఇంకా వేగం పెంచావు. ఆ పిల్ల బస్సు కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. వెనక నుంచి వ్యాను దూసుకొచ్చింది. ఎవరో పుణ్యాత్ముడు బ్యాగు పట్టుకుని వెనక్కి లాగాడు. 'అన్నా, ఆపు' అని గొంతు చించుకుని అరిచాను. ఇవాళ పిల్లలు మరీ గోల చేస్తున్నారని నవ్వావు. ఆ మలుపు తిరిగాకే పోలీసులు ఆపారు."

డ్రైవరు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆ స్టాపు, ఆ దెబ్బలు, ఆ అరుపు, ఏదీ గుర్తు రావడం లేదు. తన ఒళ్ళు తనకు తెలిసే ఉందని వారం రోజులుగా లోకానికంతా చెప్పుకొచ్చాడు. ఆ నమ్మకమంతా ఆ కుర్చీలోనే కూలిపోయింది.

"నా తప్పూ ఉందండీ," అంది ఆయమ్మ లాయరుతో. "పొద్దున షెడ్డులో బస్సెక్కగానే వాసన తెలిసింది. పెద్దవాడు, ఏమంటాడోనని ఊరుకున్నాను. ఊరుకుని నా చేత్తోనే రెండు దెబ్బలు కొట్టాను, పోనిమ్మని."

ఆమె ఏడ్చేసింది. డ్రైవరు మోకాళ్ళ ఊపు ఎప్పుడు ఆగిందో అతనికే తెలియదు.

"మొదటిది ఒప్పుకుంటాను మేడమ్," అన్నాడు. "రెండోది నేను చెయ్యలేదు."

"అయితే రెండోదాని మీద నేను పోట్లాడతాను," అంది లాయరు. "చెయ్యని నేరానికి శిక్ష పడకుండా చూడటానికే మేమున్నాం. చేసినదాన్ని అబద్ధాలతో కప్పిపెట్టడానికి కాదు."

నెల తిరగకుండానే విచారణ వచ్చింది. బోనులో ఆయమ్మ ఒక్కటీ దాచలేదు. వాసన వచ్చిందని చెప్పింది, స్టాపు దాటిపోయాడని చెప్పింది, తాళం తనే ఇచ్చాడని చెప్పింది.

"మీరు ఇతని మనిషి. కాపాడటానికే తాళం కథ చెబుతున్నారు కదా?" అని అటువైపు లాయరు గద్దించాడు.

"కాపాడేదాన్నైతే వాసన వచ్చిందని ఎందుకు చెబుతానండీ?"

న్యాయమూర్తి తలెత్తి ఆమెను ఒకసారి చూసి, ఏదో రాసుకున్నాడు. రెండో నేరం కొట్టేశారు. మొదటిదానికి జరిమానా విధించి, ఆరు నెలలు లైసెన్సు ఆపారు. ఆ ఆరు నెలలూ డ్రైవరు అదే షెడ్డులో బస్సులు కడిగాడు. రోజూ పొద్దున్నే ఇంకొకడు తన బస్సు తీసుకుని వెళ్ళడం కళ్ళారా చూశాడు. దానికంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

గడువు తీరిన మర్నాడు సీటులో కూర్చుని, ఇంజను స్టార్టు చేసి, దెబ్బల కోసం ఎదురుచూశాడు. దెబ్బలు పడలేదు. చూస్తే ఆయమ్మ తన కిటికీ కిందే నిలబడి ఉంది. అతనికి అర్థమైంది. తల బయటికి వంచి, ఆమె ముఖం మీదికి గట్టిగా ఊదాడు.

"రాత్రి?" అని అడిగింది.

"మజ్జిగ."

ఆమె వెనక్కి వెళ్ళి రెండు దెబ్బలు కొట్టింది. మందుల షాపు దగ్గర అతను పది గజాల ముందే బ్రేకు తొక్కాడు. కళ్ళద్దాల పిల్ల మెట్టెక్కుతూ అంది:

"బ్రేకు మామయ్యా, ఇవాళ ఆగావే!"

అతను అద్దం సరిచేసుకున్నాడు.

చదివే అమ్మలారా, అయ్యలారా! తాగినవాడికి తన మత్తు తెలియదు, తెల్లవారాక కూడా తెలియదు. తెలిసేది పక్కనున్న మనకే. తెలిసి ఊరుకుంటే ఆ బండి మనమూ నడిపినట్టే. కాబట్టి మొహమాటం వదిలి, బండి కదలకముందే ఆ తాళం అడిగి తీసుకుందాం.