ఏటికి ఇవతల నిప్పు

దేవశ్రవుడు బండి దిగి, కాళ్ళు కడుక్కుంటూనే మళ్ళీ ప్రయాణం కబురు చెప్పాడు. ఏటి అవతల రాజుగారు యజ్ఞం తలపెట్టారట. పండితుల సభ ఉందట. తాను లేకపోతే వాదం చప్పగా సాగుతుందట. తెల్లవారగానే పడవెక్కాలట.

రోచన నీళ్ళ కుండ కింద పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది.

కూతురు సూనృతకి నెలలు నిండాయి. ఆమె అత్తవారిల్లు అవతలి ఒడ్డున. తొలి కాన్పుకి రోచన వెళ్ళలేకపోయింది. అప్పుడూ ఈయన ఏదో సభలోనే ఉన్నాడు. ఇంట్లో చూస్తే మూడు అగ్నులు, పెళ్ళైన కొత్తలో ప్రతిష్ఠించుకున్నవి. వాటికి రెండు పూటలా పాలతో హోమం జరగాలి. ఆలుమగల్లో ఒకరు ఏటికి ఇవతల ఉండి తీరాలి. ఇద్దరూ దాటిపోతే ఆ అగ్ని ఇక మామూలు పొయ్యిలో నిప్పే. రోచన నిప్పుకి కాపలా ఉండిపోయింది. అక్కడ బిడ్డ దక్కలేదు. సూనృత తల్లి ఒళ్ళో తల పెట్టుకోకుండానే ఏడ్చి ఊరుకుంది.

ఈసారి కాన్పుకి ముందే వచ్చి ఇంట్లో ఉంటానని మాటిచ్చి మరీ వెళ్ళాడు దేవశ్రవుడు.

"మరి పిల్ల సంగతేమిటి?" అని అడిగింది రోచన.

"అక్కడ ఆడవాళ్ళు లేరా ఏమిటి? హోమానికి వత్సుడున్నాడు. నీకొచ్చిన కష్టమేముంది?"

వత్సుడంటే మరిది. పక్కిల్లే. వేళకి వచ్చి హోమం చేసి పోతాడు. అంతకుమించి పుల్ల కూడా ఇటునుంచి అటు పెట్టడు. పేడ ఎత్తడం, పిడకలు ఎండేయడం, రాత్రుళ్ళు లేచి నిప్పు ఆరిందేమో చూడడం, అవన్నీ వదినవి. ఇప్పుడు అరుగు మీద కూర్చుని యవల అప్పాలు తేనెలో ముంచుకుంటూ, అన్నగారు గెలిచిన వాదం ఇంకోసారి చెప్పించుకుంటున్నాడు.

ఆ కథ రోచనకి కంఠతా వచ్చు. నౌకరు కట్టెలు వేస్తూ ఉంటే దంపతులిద్దరూ ఏరు దాటినా తప్పులేదని ఎవరో పండితుడు వాదించాడు. దేవశ్రవుడు వాడి నోరు మూయించాడు.

"ఒకరుంటే చాలునంటారు," అంది రోచన గుమ్మంలోంచి.

"చాలు."

"ఆ ఒకరు ఎవరైనా సరేనా?"

దేవశ్రవుడు ముచ్చటపడిపోయాడు. ఇన్నేళ్ళకి భార్యకి శాస్త్రం మీద మనసు పోయింది. "భర్తైనా సరే, భార్యైనా సరే. నిండు సభలో తేల్చి చెప్పాను. కాదన్నవాడు లేడు," అన్నాడు.

"మంచిది," అంది రోచన.

లోపలికి వెళ్ళి, మూలనున్న మూట తీసింది. నెయ్యి, శొంఠి, మెత్తబడ్డ పాత బట్టలు. ఎప్పుడో కట్టి పెట్టుకుంది. పాలు పొంగకుండా చూడమని భర్తకి చెప్పి, పెరటి దారిన రేవుకి నడిచింది.

పడవ నాలుగు బారలు వెళ్ళాక అన్నదమ్ములిద్దరూ ఒడ్డుకి పరుగెత్తుకొచ్చారు.

"వదినా, వెనక్కి రా. పొద్దున్నే అన్నయ్య వెళ్ళాలి," అన్నాడు వత్సుడు, అప్పం ఇంకా చేతిలోనే ఉంది.

"వెళ్ళమను మరిదీ. ఆ వాదంలో ఓడినాయన కూడా సభకి వస్తాడుగా. మేమిద్దరం ఒకే ఒడ్డున కనిపిస్తే సంతోషిస్తాడు."

దేవశ్రవుడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఆగిపోయాడు. పొద్దు వాలుతోంది, సాయంకాలపు హోమానికి వేళవుతోంది. తమ్ముడి వంక చూశాడు. తనకి ఇంట్లో పనుందని వత్సుడు అప్పుడే వెనుదిరిగాడు.

"రోచనా," అని పిలిచాడు దేవశ్రవుడు.

పడవవాడు తెడ్డు ఆపబోయాడు. రోచన వద్దని చెయ్యి ఊపింది.

"పిడకలు ఎక్కడ ఉంటాయి?"

ఇరవై ఏళ్ళుగా ఆ పిడకల పక్కనుంచే ఇంట్లోకి వస్తున్నాడు మనిషి. రోచనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుమ్మానికి ఎడమ చేతి పక్కన అని గట్టిగా చెప్పి, మూట ఒళ్ళో పెట్టుకుని, కూతురున్న ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది.