నలభయ్యో చొక్కా

దారాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, సూదిని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టింది ఎస్తేరమ్మ. బెజ్జం కనిపించలేదు. మూడో ప్రయత్నంలో దారం దూరింది.

గోడ గడియారం ఒకటిన్నర. నలభై చొక్కాల్లో రెండిటికి గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టాల్సినవి మిగిలాయి. చొక్కాకు ఆరు కాజాలు, కాజాకు పావుగంట. ఎయిర్‌పోర్టుకు పార్సిల్ తీసుకుపోయే వ్యాన్ నాలుగింటికి వస్తుంది.

కటింగ్ మాస్టర్ చందు లెక్క వేసి నవ్వాడు. "గిట్లయితే కాదక్కా. కాటేదాన్ పోయి మిషన్ కాజాలు కొట్టించుకొస్త. ఎవరు చూస్తరు?"

"నేను చూస్త."

"సూది బెజ్జమే కనబడ్తలేదు నీకు. ఇగ కాజాలేం చూస్తవ్?"

"నా వేలు చూస్తది తియ్యి. నువ్వు నీ కత్తెర చూస్కో."

ఆ వేలి కొస ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. నీలిమందు అద్దిన మగ్గం బట్ట రంగు, ఎంత కడిగినా పోదు. ఇక్కడికి రాకముందు కాటేదాన్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు మిషన్ మీద రోజుకు వెయ్యి కాజాలు కొట్టింది. అవి ఏ ఊరు పోయాయో, ఎవరు తొడుక్కున్నారో తెలియదు. శంషాబాద్‌లోని ఈ రెండు గదుల కుట్టుశాలకు వచ్చిన మొదటి వారం, చొక్కాకు కట్టే చీటీని యజమాని అనుపమ చదివి వినిపించింది. నేత: లచ్చమ్మ. కత్తిరింపు, కుట్టు: చందు. కాజాలు: ఎస్తేరమ్మ. ఆ చీటీ ఒకటి అడిగి తీసుకుని బైబిల్లో పెట్టుకుంది.

మూడింటికి ఒక చొక్కా పూర్తయింది. అనుపమ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎస్తేరమ్మగారూ, ఒక్కటి తగ్గినా ఆర్డరిచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వకపోవచ్చండి. ఈ ఒక్కదానికీ మిషన్ వాడదామా?"

ఎస్తేరమ్మ సూది ఆపలేదు. "నా పేరు కింద మిషన్ పని పంపుతవా బిడ్డా?"

అనుపమ ఆ చేతి కింది కాజా చూసింది. గింజ పక్కన గింజ పేర్చినట్టు కుట్లు. లేచి వెళ్లి, పెట్టె మీద నలభై కొట్టేసి ముప్పై తొమ్మిది రాసింది.

వ్యాన్ వెళ్లిపోయింది. నలభయ్యో చొక్కాకు నాలుగు కాజాలయ్యాయి. చాయ్ వేళకు ఖాళీ సూది వదిలే అలవాటు ఎస్తేరమ్మకు లేదు. కొత్త దారం ఎక్కించి, ఐదో కాజాకు రెండు కుట్లు వేసి, "జర ఒరుగుత చందూ" అని గోడకు తల ఆనించింది.

చందు చాయ్ తెచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గ్లాసు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు.

"అనుపమక్కా," అన్నాడు మెల్లగా, "జర ఇటు రాండ్రి."

మర్నాడు సమాధుల తోట నుంచి వచ్చాక అతను ఆ చొక్కా తీశాడు. దారం తెంపబోయి ఆగాడు. అనుపమ దానికి మూడు పేర్ల చీటీ కట్టి కొక్కేనికి తగిలించింది. ఐదో కాజా అంచున, మైనం పూసిన దారంతో, సూది అలాగే ఉంది.