సైటు అమ్ముడుపోయిన రోజు

కంప్యూటర్ల పెద్ద కంపెనీ ఒకటి ఉద్యోగాల సైటును కొనేసిందన్న వార్తను పళ్ల ల్యాబుకు మోసుకొచ్చినవాడు ప్లాస్టరన్న. డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడల నమూనాలు తీయడం అతని పని. బస్సులో విన్న కబుర్లు పొల్లుపోకుండా తెచ్చి అందరికీ పంచడం జీతం లేని రెండో పని. ఆ గురువారం భుజాన సంచి దించకుండానే మొదలుపెట్టాడు.

బస్సంతా ఇదే గోలట. ఒక పెద్దాయన ఇక మన బతుకులన్నీ ఒక్కడి గుప్పిట్లోకే పోయాయని నిట్టూర్చాడట. ఎవరు కొంటే నాకేంటి, పదేళ్లలో ఆ సైటు నాకు ఉద్యోగం ఇప్పించింది లేదు, ఎవరెవరివో పుట్టినరోజులు గుర్తు చేయడం తప్ప అని ఒకావిడ తీసిపారేసిందట. వెనక సీటు ఆసామి ఒకడు ఆవేశంగా తన ఖాతా మూసేద్దామని కూర్చుని, పాస్‌వర్డ్ గుర్తు రాక తలపట్టుకుని, దిగాల్సిన స్టాపు దాటిపోయాడట. సైటులో చూస్తే సగంమంది అభినందనలు, సగంమంది సంతాపాలు. రెండూ రాసినవాళ్లూ ఉన్నారు, ముందుజాగ్రత్తగా.

"అసలు సంగతి అది కాదక్కా," అని ప్లాస్టరన్న గొంతు తగ్గించాడు. "మన ల్యాబు కంప్యూటర్లో నడిచేదంతా ఆ కంపెనీదే కదా. ఇప్పుడు సైటూ వాళ్లదే. రెండూ కలిపేస్తారట. మనం ఎక్కడెక్కడ ఉద్యోగం అడిగామో సోమవారం నుంచి మాస్టారికి తెర మీద కనిపిస్తుందట."

ఎవరు చెప్పారని అడిగితే, బస్సులో టై కట్టుకున్న మనిషే చెప్పాడన్నాడు. టై కట్టుకున్నవాళ్ల మాటకు ప్లాస్టరన్న దగ్గర తిరుగులేదు.

మైనపక్క చేతిలోని పన్నును బల్ల మీద పెట్టేసింది. మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి కట్టుడు పళ్ల సెట్టుకు రూపం తెచ్చేది ఆమె. అందుకే ఆ పేరు. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే స్పిరిట్ దీపం. పన్నెండు రోజుల కిందట వేరే ఊరి పెద్ద ల్యాబు నుంచి ఆ సైటులోనే ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. మీ గురించి ఒకచోట చదివాం, కొత్తగా చేరేవాళ్లకు పని నేర్పే బల్లకు మీరు పెద్దగా వస్తారా, శుక్రవారంలోగా చెప్పండి అని. ఆమెకు వెళ్లాలనే ఉంది. ఒకరికి పని నేర్పాలన్న కోరిక ఎప్పటినుంచో మనసులో నలుగుతోంది, ఈ చిన్న ల్యాబులో నేర్చుకోవడానికి ఎవరూ రారు. పోదాం అని భర్త అప్పుడే ఆ ఊళ్లో ఇల్లు కూడా వాకబు చేశాడు. మిగిలింది ఒక్కటే, ల్యాబు యజమాని, తనకు పని నేర్పిన మాస్టారికి చెప్పడం. ఆ ఒక్కటీ పన్నెండు రోజులుగా నోట్లోంచి ఊడిపడలేదు.

మాస్టారు అరిచే మనిషైతే బాగుండేది. ఆయన అరవడు. ల్యాబు దాటే ప్రతి సెట్టునూ కళ్లు మూసుకుని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, రెండే మాటల్లో ఒకటి అంటాడు: "నవ్వుతుంది", లేదా "నవ్వదు". నవ్వదంటే మళ్లీ మొదటినుంచి కట్టాల్సిందే. మైనపక్క కట్టిన మొట్టమొదటి సెట్టుకు ఆయన వేలు ఎడమ పైకోరపన్ను దగ్గర ఆగిపోయింది. "నవ్వదు. ఇది పారేస్తాలే, ఇంకోటి కట్టు," అన్నాడు. ఆ రోజు ఆమె కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడు చాటున ఏడ్చింది. ఆ తర్వాత ఆమె చేతి కోరపన్ను ఎప్పుడూ తప్పలేదు. అలాంటి మనిషి ఈ కబురును తెర మీద చదువుకోవడం కన్నా ఘోరం ఇంకేముంటుంది?

మధ్యాహ్నంలోగా ఎలాగైనా చెప్పేయాలనుకుంది. కానీ ఆమె కన్నా ముందు ప్లాస్టరన్నే భయం తట్టుకోలేక చేతులు కడుక్కుని మాస్టారి ముందు నిలబడ్డాడు. పదకొండు చోట్ల ఉద్యోగానికి అడిగానని, క్షమించాలని తలొంచుకుని చెప్పాడు. ఎంతమంది జవాబిచ్చారని మాస్టారు అడిగాడు. ఒక్కరూ ఇవ్వలేదన్నాడు. మాస్టారికి ముఖం ఎర్రబడింది. నీ చేతి ప్లాస్టర్లో ఒక్క బుడగ ఉండదు, వాళ్లకేం పోయేకాలం, జవాబన్నా ఇవ్వరా అని అతని తరఫున ఆయనే నొచ్చుకున్నాడు.

తర్వాత పాలిష్ పట్టే మెరుపు వెళ్లాడు. ఇతని నేరం ఇంకోటి. సైటులో తన పేరు కింద ల్యాబు డైరెక్టరని రాసుకున్నాడు.

"మరి నేనెవర్ని?" అన్నాడు మాస్టారు.

"మీ గురించి ఏమీ రాయలేదండి," అని మెరుపు నిజాయితీగా చెప్పాడు.

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయాడు. సరే డైరెక్టరుగారూ, ఆ మూడు సెట్లకీ సాయంత్రంలోగా పాలిష్ పట్టండి అని పంపించాడు. ఇద్దరూ బరువు దించుకుని హాయిగా పనిలో పడ్డారు. మైనపక్క బరువు రెట్టింపైంది. వాళ్లవి ఉత్త ఆశలు, ఆమెది నిజంగా వెళ్లిపోవడం.

భోజనాల వేళ ఆమె ఫోను తీసి సైటు తెరిచింది. ఆ ఉత్తరం చెరిపేస్తే కనీసం తెర మీద పడదు కదా అని పిచ్చి ఆలోచన. అక్కడ ఆమె పేజీని ఎవరెవరు చూశారో జాబితా ఉంది. అందులో ఎప్పటిలాగే ఆ పళ్ల బొమ్మ. మనిషి ముఖం ఉండాల్సిన చోట వేలిగోరంత పళ్ల సెట్టు, కింద పేరు బదులు 'పళ్ల పనివాడు' అని. వారం వారం వచ్చి చూసిపోయే ఖాతా. పోటీ ల్యాబువాళ్ల నిఘా అయ్యుంటుందని, తాకితే మనం చూసినట్టు వాళ్లకు తెలిసిపోతుందని మెరుపు ఇదివరకే హెచ్చరించాడు. ఎవరో నీకేసి పళ్లికిలిస్తున్నారని ఇంట్లో భర్త ఏడిపించేవాడు. ఇంక గుట్టంతా సోమవారం రట్టయ్యేదే కదా, ఈ నిఘా సంగతి కూడా తేల్చేద్దామని బొమ్మను తాకింది.

బొమ్మ తెర నిండా పరుచుకుంది. ఎడమ పైకోరపన్ను కాస్త బయటికి తిరిగి ఉంది.

పన్ను కట్టినవాళ్లు ఆ పన్నును మర్చిపోరు. అది ఆమె మొదటి సెట్టు. పారేస్తానన్న సెట్టు. ఒంటివేలితో టైపు కొట్టే మాస్టారు, సైటు ఫొటో అడిగితే తన ముఖం పెట్టాలని తోచక పనిని పెట్టిన మాస్టారు, ఇన్నేళ్లుగా ఆమె పేజీని చూసి పోతున్నాడు. కింద చదువు గడి ఖాళీ, అనుభవం గడి ఖాళీ. సాధించినవి అన్నచోట మాత్రం ఒక వాక్యం ఉంది: 'ఒక అమ్మాయికి పని నేర్పాను, ఇప్పుడు నాకన్నా బాగా చేస్తుంది.' పక్కనే ఆమె పేజీకి లింకు. పెద్ద ల్యాబువాళ్లు ఒకచోట చదివామన్నది ఇదేనన్నమాట.

ఆమెకు అన్నం సహించలేదు. చెయ్యి కడుక్కుని నేరుగా మాస్టారి గదిలోకి వెళ్లింది. ఆయన కంప్యూటర్ ముందు వంగి, తెర మీది ఆ వాక్యాన్నే ఒక కాగితం మీద చేత్తో ఎక్కించుకుంటున్నాడు. ఆమెను చూసి కాగితం మీద అరచెయ్యి పెట్టాడు, పట్టుబడినవాడిలా.

"కొన్నవాళ్లు పాతవన్నీ తీసేస్తారని డాక్టరుగారి దగ్గర అనుకుంటున్నారు," అన్నాడు. "అందుకని రాసుకుంటున్నా."

"ఏమీ తియ్యరు మాస్టారూ," అంది. ఆయన అరచేతి కింది కాగితం కేసి చూస్తూ చెప్పేసింది. "నాకు వేరే ఊళ్లో పని వచ్చింది. పన్నెండు రోజులైంది. మీకు చెప్పడానికి నోరు రాలేదు."

"తెలుసు. నీ గురించి నన్నూ అడిగారు వాళ్లు. చేతిపని గురించైతే నేను చెప్పక్కర్లేదు, వచ్చాక మీరే చూస్తారన్నాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వెప్పుడు చెప్తావా అని రోజూ చూస్తున్నానమ్మాయ్. ఇవాళ వాళ్లిద్దరూ వచ్చారు, నువ్వు రాలేదు. నా దగ్గర కూడా భయపడతావా అని కాస్త బాధేసింది."

"భయం కాదండీ. మిమ్మల్ని వదిలి వెళ్తున్నానని మీతోనే ఎలా చెప్పను?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల సొరుగు లాగి, మెత్తటి గుడ్డలో చుట్టింది తీసి విప్పాడు. పంతొమ్మిదేళ్లకు రంగు కాస్త పసుపెక్కిన మొదటి సెట్టు. అలవాటుగా కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాడు. వేలు ఎప్పటి చోటే ఆగింది.

"నవ్వదు," అన్నాడు. "తీసుకెళ్లు. అక్కడ కొత్తగా చేరినవాళ్లు మొదటి సెట్టు పాడుచేసి ఏడుస్తారు. అప్పుడు చూపించు."

కుళాయి చప్పుడు చాటున ఆమె ఏడుపు ఈయనకు ఆ రోజే వినపడిందన్నమాట. ఆమె సెట్టును చేతిలోకి తీసుకుని, తనూ కళ్లు మూసుకుని, ఆ కొస దాకా బొటనవేలు నడిపింది. కోరపన్ను దగ్గర ఆ వంకర వేలికి తగులుతూనే ఉంది. ఎంత తప్పుందో ఇప్పుడామెకు వెంట్రుకవాసితో సహా తెలుసు.

"నవ్వుతోంది మాస్టారూ," అంది.

పంతొమ్మిదేళ్లలో ఆయన చెప్పిన తీర్పుకు ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. మాస్టారు దిద్దలేదు.